జడ్జిగారి పేరు కోసం

అమ్మకు,

నీ పెద్దాడి నమస్కారాలు. ఇక్కడ అందరికీ ఒంట్లో బాగానే ఉంది. మనసుల సంగతి కిందికి వెళ్లేకొద్దీ రాస్తాను.

ముందు ఊరి సంగతి. మన కొత్త గ్రంథాలయానికి అన్యాయం తలపెట్టినవాడు ఇటుకబట్టీ యజమాని. దానికి తలూపినవాడు మున్సిపల్ చైర్మన్. ఇటుకలు ఉచితంగా తోలించాడు కాబట్టి భవనానికి తన తండ్రి పేరు పెట్టాలన్నాడు బట్టీ యజమాని. ప్రతి ఇటుక మీదా ఎలాగూ మీ పేరు అచ్చుగుద్ది ఉంది, ఇంకా గోడ మీద కూడా ఎందుకు అని సభలోనే అడిగాను. పాత కోర్టు కూల్చిన స్థలంలో కట్టిన భవనం అది. చనిపోయిన జడ్జిగారు జీవితమంతా కూర్చున్న చోటు. ఆయన పేరే పెట్టాలని మా యువజన సంఘం పట్టుబట్టింది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. వేళకే తింటున్నాను. చెల్లి కళ్లద్దాలు మార్పించాం, ఇప్పుడు సూదిలో దారం ఒక్కసారికే ఎక్కుతోందట. అచ్చాపీసులో మావయ్యతో గొడవ పడుతున్నావా అని రాశావు. పడుతున్నాను. కాగితం ధర పెరిగిందని పనివాళ్లకు టీ ఆపేశాడు. నేను శ్రమ, దోపిడీ అని మొదలుపెడితే, "నాయకుడుగారూ, ఉపన్యాసం అయ్యాక ఆ మిషను తుడవండి" అన్నాడు. మర్నాటికి టీ మాత్రం మళ్లీ వచ్చింది. మీ ఆసుపత్రి కుట్టుగదిలో కిటికీ బాగుచేశారా? చలిలో కూర్చుని దుప్పట్లు కుట్టకు, గట్టిగా అడుగు.

పేరు విషయం ఏమైందని అడిగావు. గెలిచాం. కౌన్సిలు ఒప్పుకుంది. ఆదివారం శిలాఫలకం ఆవిష్కరణ. ఆయన పేరే పెడితే సెలవు పెట్టుకుని శనివారమే వస్తాను, ఆ అక్షరాలు కళ్లారా చూడాలి అని రాశావు. ఆ వాక్యం చదివాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మేం ఎలా గెలిచామో తెలియకుండా నువ్వు ఈ ఊళ్లో బస్సు దిగకూడదు.

మొదటి రెండు కరపత్రాలూ ఎవరూ చదవలేదమ్మా. నిష్పక్షపాతం, నిరాడంబరత అని పెద్దపెద్ద మాటలు పేర్చాను. కొట్లలో వాటితో పొట్లాలు కట్టారు. చైర్మన్ నన్ను పిలిచి, "తమ్ముడూ, ఇటుకలైతే కంటికి కనబడతాయి. మీ జడ్జిగారు ఎవరికేం చేశాడో ఒక్కటి చూపించు" అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు కోపం నెత్తికెక్కింది. నాకు తెలిసింది ఒక్కటే ఉంది. అది నీది.

నాన్న నీకు చేసినవి కోర్టులో చెప్పలేక, నోరు పెగలక నువ్వు నిలబడిపోవడం. జడ్జిగారు గదిలో ఉన్నవాళ్లందరినీ బయటికి పంపి, తలుపులు మూయించి, నీకు కుర్చీ వేయించి, నీకు ఏడుపు వచ్చినప్పుడల్లా ఆగి వినడం. నాన్నను ఎందుకు వదిలేశావని నేను నీమీద అరిచిన రోజున ఇదంతా నాకొక్కడికే చెప్పావు. మూడో కరపత్రం నిండా అదే. ఆ మూసిన తలుపుల వెనక నువ్వు చెప్పిన మాటలతో సహా. మావయ్య లేనప్పుడు వేశాను.

నీ పేరు రాయలేదు. "ఆసుపత్రి దుప్పట్లు కుట్టి ఇద్దరు పిల్లలను పెంచిన తల్లి" అని రాశాను. రాస్తున్నప్పుడు నిన్ను దాచాననే అనుకున్నాను. మన ఊళ్లో అలాంటి తల్లి ఇంకెవరున్నారు?

చెల్లి పనిచేసే కుట్టు దుకాణానికి కొలతలివ్వడానికి వచ్చినావిడ "పాపం మీ అమ్మ" అంటూ అంతా చదివి వినిపించిందట. కొలతల టేపు మెడలో అలాగే ఉంది, చెల్లి నేరుగా అచ్చాపీసుకు వచ్చింది.

"అమ్మ నీకు చెప్పిందా, ఊరికి చెప్పిందా?"

"పేరెక్కడా రాయలేదే" అన్నాను.

"కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి కూడా అలాగే అనుకుంటుంది అన్నయ్యా."

అప్పటికీ నా పొగరు దిగలేదు. మంచి పనికోసమే కదా అని వాదించాను. ఫలకం మీద ఏం చెక్కాలో అడగడానికి జడ్జిగారి భార్య దగ్గరకు వెళ్లినప్పుడు దిగింది. ఆవిడ కరపత్రం చదివారు. "ఆ అమ్మాయి సంగతి ఆయన నాతో కూడా ఎప్పుడూ అనలేదు బాబూ. నువ్వు అచ్చువేస్తేనే తెలిసింది" అన్నారు. తిట్టలేదు. మంచినీళ్లు ఇచ్చారు.

ఆయన మూయించిన తలుపులు ఆయన పేరు చెప్పే తీశానమ్మా. బట్టీవాడు ఇటుకలు పెట్టి పేరు కొనబోయాడు. నేను నిన్ను పెట్టి కొన్నాను.

ఇల్లిల్లూ తిరిగి కరపత్రాలు వెనక్కి అడిగాను. కొందరిచ్చారు. కొందరు "చదివేశాం కదా నాయనా, ఇప్పుడు ఇస్తే ఎంత, ఇవ్వకపోతే ఎంత" అన్నారు. ఆదివారం సభలో అందరిముందూ తప్పు ఒప్పుకుంటానన్నాను. "మళ్లీ మైకేనా?" అంది చెల్లి. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. దాని మాటే నిజం. నేను వేదిక ఎక్కనని సంఘంవాళ్లకు చెప్పేశాను. నన్ను క్షమించమని కూడా రాయను. అడిగితే ఆ బరువూ నీమీదే వేసినట్టవుతుంది.

శనివారం సాయంత్రం ఆరు గంటలకు బస్టాండులో ఉంటాను. చెల్లి కూడా వచ్చి నా పక్కనే నిలబడుతుందట, మావయ్య చేత చెప్పించింది. జనం చూస్తారు. నీ పెట్టె నేను మోస్తాను. బజారులోంచి వెళ్దామంటే బజారులోంచి, వెనక సందులోంచి అంటే సందులోంచి, తిరుగు బస్సు ఎక్కుతానంటే ఆ బస్సు దాకా. మర్నాడు ఆయన పేరు చూడటానికి వెళ్లేదీ మానేదీ నీ ఇష్టం.

ఇన్నాళ్లూ ఊరందరినీ సభలకు రమ్మన్నాను. ఈసారి పిలిచేది నిన్ను ఒక్కదాన్నే. శనివారం, ఆరు గంటలు, బస్టాండు. మాట్లాడేది నువ్వు. నేను వింటాను.

ఇట్లు,
నీ పెద్దాడు