స్టెప్నీలో గాలి

జూలై 4

కోడలు జీపు కడిగింది. కొడుకు పోయిన దగ్గర్నుంచి షెడ్డులో దుమ్ము కొట్టుకుని పడి ఉన్న బండి. ఎందుకే ఇప్పుడు అంటే, టూరిస్టులు అడుగుతున్నారు, ఇకమీదట నేనే తిప్పుతాను అంది. నా కొడుకును మింగింది చాలదా, నువ్వూ కావాలా దానికి అని అరిచాను. మింగింది బండి కాదత్తా, ఏరు అంది.

నిజమే. బండికి గీత కూడా పడలేదు. సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బలు దాటాక ఏరు అడ్డం వస్తుంది. బండి దింపే ముందు మనిషి దిగి, నడిచి, లోతు చూడాలట. వాడు దిగాడు. వానకి అడుగున ఇసుక కోసుకుపోయిందని వాడికేం తెలుసు. బండి ఒడ్డునే ఉంది, తలుపు తెరుచుకుని.

జూలై 5

దానితో మాట్లాడలేదు. అన్నం మాత్రం వడ్డించాను.

జూలై 9

మెకానిక్ వచ్చాడు. నిలబడి నిలబడి టైర్లు నాలుగూ దిగిపోయాయి. బండి కూడా మీలాగే అలిగి కూచుంది పెద్దమ్మా అన్నాడు. వాడి నోరే అంత. నాలుగింటికీ మెషీన్‌తో గాలి పట్టి, వెనక తగిలించిన స్టెప్నీ టైరు మీద చెయ్యి వేశాడు. దాన్ని ముట్టుకున్నావంటే చూడు అని కేక పెట్టాను. ఇద్దరూ బిత్తరపోయారు.

గట్టి టైరు ఇసుకలో దిగబడుతుంది. అందుకే దిబ్బల దగ్గర సగం గాలి వదిలేసి, రోడ్డెక్కేటప్పుడు మళ్ళీ కొట్టుకుంటారు. ఆ నాలుగింటిలో గాలి ఎప్పటికప్పుడు కొత్తదే. స్టెప్నీలోది మాత్రం నా కొడుకు కొట్టింది. పోయే ముందురోజు వాకిట్లో కూచుని, చేత్తో కొట్టే పంపుతో. ఆ కీచుకీచు ఆపరా, తల పగిలిపోతోంది అన్నాను. నీ గురక కంటే నయమేనమ్మా అన్నాడు.

ఇదంతా వాళ్ళకి చెప్పేశాను. మెకానిక్ నవ్వలేదు. చెయ్యి తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

జూలై 11

లేచేసరికి స్టెప్నీ నా మంచం పక్కన గోడకి ఆనించి ఉంది. కోడలే ఊడదీసి దొర్లించుకొచ్చిందట. నీ దగ్గరే ఉంచుకో అంది. గదంతా రబ్బరు వాసన. కడుపు నిండినట్టయింది.

జూలై 12, మధ్యాహ్నం

మరి నీకో అని నేను అడగలేదు. అడగాలని తట్టలేదు కూడా. మెకానిక్ చెబితే తెలిసింది, ఆ సైజు టైరు ఇప్పట్లో దొరకదట. రేపు కోడలు స్టెప్నీ లేకుండానే దిబ్బల్లోకి పోతుందట. అక్కడ టైరు పోతే? సముద్రం పోటు మీదుంటే?

ఏరు దాటవు కదా అంటే, దాటను అంది. వాడూ ఇలాగే అనేవాడు. బండీ వాడి దగ్గరే నేర్చింది, అబద్ధమూ వాడి దగ్గరే నేర్చింది.

కంచం పక్కకి నెట్టేశాను. టైరు వంక చూస్తూ కూచున్నాను. వాడుంటే నన్ను తిట్టి ఉండేవాడు.

జూలై 13

టైరు నేనే దొర్లించుకెళ్ళాను. నడుం పట్టేసింది. బిగించు, నేనూ వస్తాను అన్నాను. టూరిస్టులకి ఏం చెప్పనత్తా అంది. గైడునని చెప్పు అన్నాను.

దిబ్బ దిగుతుంటే ఆల్చిప్ప కోసేసి ఒక టైరు పోయింది. కోడలు స్టెప్నీ వేసింది. అది గట్టిగా ఉంది, దిగబడుతోంది. గాలి వదలాలి. చేతిలో పుల్ల పట్టుకుని నా వంక చూసింది. ఏమనుకుందో, పుల్ల నాకిచ్చి అటు తిరిగింది.

పుల్లతో వాల్వు నొక్కాను. మొహం దగ్గరగా పెట్టాను. వెచ్చగా తగిలింది. చాలత్తా, సగమే అంది. సగమే వదిలాను. సగం ఇంకా ఉంది.

ఏటి ఒడ్డున టూరిస్టులు దాటించమని ఒకటే గోల. లోతు చూడ్డానికి అది చెప్పులు విప్పింది. ఆ చెప్పులు తీసి ఒళ్ళో పెట్టుకుని, దాని చెయ్యి పట్టుకున్నాను. ఎవరేమన్నా వదల్లేదు. కోడలు చాలాసేపు నీళ్ళ వంక చూసింది. బండి వెనక్కి తిప్పింది.

జూలై 14

స్టెప్నీలో తగ్గిన గాలి వాడి పంపుతో నేనే కొట్టాను. వాడిదాంట్లో నాది కలిసింది. ఆ కీచుకీచు ఆపత్తా అంది కోడలు. నీ గురక కంటే నయమే అన్నాను.