పైపులో పట్టిన గాలి

అమ్మకు నీ కూతురు హోప్ వందనాలు. దేవుని దయవల్ల నిన్నటినుంచి వెచ్చగా ఉన్నాను.

ఈ చలిదేశంలో, విండ్సర్ బయట నేను అద్దెకుండే ఇంటి ఓనరు డేవిడ్‌సన్ అంకుల్ పెరట్లో పెద్ద కట్టెల బాయిలర్ పెట్టించి, దాని వేడినీళ్ల పైపుల్ని ఇంట్లో గదుల్ని వెచ్చబెట్టే ఫర్నేస్ మిషన్‌కి కలిపించారు. ఆ వేడిని ఫర్నేస్ ఫ్యాన్ గదులకు ఊదాలి. మూడు రోజులు చల్లగాలే ఊదింది. "దండగ, పీకించేస్తా" అన్నారు అంకుల్. నేను పైపు పట్టుకు చూశాను. బాయిలర్ దగ్గర కాలిపోతోంది, ఫర్నేస్ దగ్గర చల్లగా ఉంది. నువ్వు పనిచేసే హాస్టల్లో ట్యాంకు పైపుకి గాలి పట్టినప్పుడు చేస్తావే, అలాగే పైనున్న చిన్న ట్యాపు తిప్పాను. బుస్సుమని గాలి పోయి నీళ్లు చిమ్మాయి. గంటలో ఇల్లంతా వెచ్చబడింది!

"ఏ కోర్సులో నేర్చుకున్నావమ్మా?"

"మా అమ్మ దగ్గర అంకుల్."

జనవరిలో ఇక్కడికొచ్చే మన ఏనీ అక్క చేత కందిపొడి పంపు. మోకాళ్లకు మందు రాస్తున్నావా?

ఫోన్లో చెప్పక కార్డెందుకంటావా? "ఆడాళ్లకి పైపుల సంగతేం తెలుసు" అని నిన్ను చూసి నవ్విన ప్లంబర్ ఎలియాజరు గారిల్లు మన ఇంటికి ముందే వస్తుంది కదా.

పోస్ట్‌మేన్ గారూ, మీకూ నా వందనాలు. ఆయన గుమ్మం దగ్గర కాస్త గట్టిగా చదవండి.