మోత్యా వాసన

కొండీబాకు,

నీ కుక్క మోత్యాను నా గుమ్మానికి కట్టేసి వెళ్లి నాలుగు నెలలైంది. గజ్జికి పాత ఇంజన్ ఆయిల్ పూసిన ఘనుడివి నువ్వు. పశువుల డాక్టరమ్మ చెప్పినట్టు వారానికి రెండుసార్లు మందు సబ్బుతో కడిగి, నురగను పది నిమిషాలు ఉంచి, చెవులు పొడిగా తుడిచాను. పుండ్లు మానాయి, బొచ్చు వచ్చింది. వాసన మాత్రం పోలేదు.

నిన్న ఆమె వచ్చి మోత్యా మెడ వాసన చూసింది. "కుక్క శుభ్రంగా ఉంది. కంపు గుమ్మం పక్కనున్న ఆ చెక్కగిన్నెది" అంది.

అది నీ గిన్నె. పసితనంలో జబ్బుపడ్డ నువ్వు బతికితే నిన్ను ఖండోబా దేవుడికి కుక్కగా ఇస్తానని నాన్న మొక్కాడు. ఏటా జాతరలో మొరిగి, నేలమీద ఆ గిన్నెలో తినవలసినవాడివి నువ్వు. "ఇన్ని పుస్తకాలు చదివావు దాదా, ఇంకా మొరుగుతావా?" అని నవ్వావు గానీ, ఆ మొక్కును నీ అన్ననైన నాకు అంటగట్టింది నువ్వే. ముప్పై ఏళ్లు నీ బదులు మొరిగాను. ఈ ఏడు మోకాళ్లు వంగక మానేశాను.

ఇవాళ నీ భార్య ఉత్తరం అందింది. నీ మెడమీద బొబ్బలు లేచాయట, ఎంత కడిగినా కంపు పోవడం లేదట. మోత్యా మందు పంపమంది.

మందు పంపను, గిన్నె పంపుతున్నాను. మొరగడం నేర్పడానికి నేను రానక్కర్లేదు. నిద్రలో మొరుగుతున్నావని ఆమే రాసింది.

నీ దాదా