డెబ్భై ఎవరిది?

వదినా, ఫోన్లో విన్నది మనసులో నిలవడం లేదన్నారు కాబట్టి రాసి పంపుతున్నాను: అన్నయ్య తేరుకుంటున్నాడు.

మెదడు కణాలు దెబ్బతింటే వాటిలోని ఒక పదార్థం రక్తంలోకి చేరుతుందట. అది ఎంతుందో కొలిచి దెబ్బ తీవ్రతను అంచనా వేస్తారు. నిచ్చెన మీంచి పడిన మర్నాడు అది నలభై, ఆ తర్వాత ముప్పై. నిన్న పొద్దున ఒక్కసారిగా డెబ్భై అన్నారు. అయినా మీకు ఫోన్ చేయలేదు. ఒక్కరి మాట మీద వార్త రాయడం ఇన్నేళ్ల విలేకరి ఉద్యోగంలో నాకు అలవాటు లేదు. నేరుగా ల్యాబుకు వెళ్లాను. అక్కడి పెద్దాయన రక్తం గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూపించాడు.

"పైన తేట పసుప్పచ్చగా ఉండాలమ్మా, ఇది ఎర్రబారింది. లిఫ్టు పాడైందని మెట్ల మీద కుదుపుకుంటూ తెచ్చారు. ఎర్రకణాలు పగిలినా ఆ పదార్థమే బయటికొస్తుంది. ఈ డెబ్భై మీ అన్నది కాదు, మా మెట్లది!"

మళ్లీ రక్తం తీశారు. ఈసారి గొట్టాన్ని కుదపకుండా తీసుకెళ్లే నర్సు వెనకే నేనూ మెట్లు దిగాను. ఇరవై రెండు వచ్చింది. స్కాన్ కూడా బాగుందని, మాట రావడానికి మాత్రం వారాలు పట్టొచ్చని డాక్టరమ్మ చెప్పింది.

అన్నయ్య కళ్లజోడు పంపండి. చంటిదాని దగ్గు తగ్గిందా? మీరు వేళకు తినండి.

ఇంకొకటి. "నీ నిచ్చెన పక్కింటాయన పట్టుకుపోయాడురా అన్నయ్యా" అని ఇవాళ ఊరికే అన్నాను. కళ్లు తెరిచి, మొహం చిట్లించి, నా వేలు గట్టిగా నొక్కాడు. నిచ్చెన ఇంట్లోనే ఉంటే వెంటనే రాయండి, ఆ వార్తకు సవరణ అన్నయ్య చెవిలో నేనే చెబుతాను.

చంటిదానికి ముద్దులు.
మీ ఆడపడుచు