గరువుపాలెంలో ఈ వారం

బీర్‌గావ్, రాయ్‌పూర్
9 జూన్ 2019, ఆదివారం

ఊర్మిళకి,

ఫోనెత్తవు. మెసేజ్ పెడితే చూస్తావు, జవాబివ్వవు. అందుకే కాగితం పట్టుకున్నాను. బొబ్బిలి హైస్కూల్లో టెన్త్ పరీక్ష రాశాక మళ్ళీ తెలుగు రాయడం ఇదే అనుకుంటాను. ఒత్తులు ఎక్కడ పడుతున్నాయో నాకే తెలీడం లేదు. నవ్వుకుంటే నవ్వుకో గానీ మీ వదినకి చూపించకు.

నువ్వెళ్ళి పదకొండు రోజులైంది. టీవీ వైరు పీకినందుకు పెళ్ళాం పుట్టింటికి పోతుందా అని పక్కింటి ప్రేమ్‌చంద్‌ని అడిగాను. వాడు వాళ్ళావిడ వైపు చూశాడు. ఆవిడ నా వైపు చూసిన చూపుకి లేచి వచ్చేశాను.

నా సంగతి కూడా కాస్త ఆలోచించు. తెల్లారి ఆరింటి నుంచి రెండింటి దాకా ఉర్లా ఫ్యాక్టరీలో గ్రైండర్ల మోతలో నిలబడి ఇంటికొస్తే నువ్వు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటావు. ఎవరి కోసం? టీవీ సీరియల్లో, అరవై ఏళ్ళ కిందటి గరువుపాలెంలో జోగయ్య పెళ్ళాం అప్పలనరసమ్మ కోసం! అసలా ఊరే లేదు మహాప్రభో! అన్నం పెట్టమంటే అయిదు నిమిషాలు ఆగమన్నావు. నాకు ఒళ్ళు మండింది. ఈ పల్లెటూరి నాటకం ఆపమని, "బంద్ కరో యే గావ్ కా నాటక్" అని అరిచి వైరు పీకేశాను. తప్పే, ఒప్పుకుంటున్నాను. మళ్ళీ నేనే పెట్టాను కూడా. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి తాళం కప్ప, పక్కింట్లో తాళంచెవి. ఇదేం న్యాయం?

సరే, అసలు విషయం. మీ అన్నయ్యగారింట్లో టీవీ వాళ్ళత్తగారి గదిలో ఉంటుంది, ఆవిడ పొద్దస్తమానం భక్తి చానలే చూస్తుంది. నీ సీరియల్ తప్పిపోతోందని నాకు తెలుసు. అందుకని వారం రోజులుగా నేనే చూస్తున్నాను. అన్నం కంచం ఒళ్ళో పెట్టుకుని, రెండున్నర నుంచి మూడు దాకా. ప్రేమ్‌చంద్‌కి చెప్పకు.

నేను పల్లెలో పుట్టి పెరిగినవాణ్ణి. అంత తెల్లటి పంచె మా ఊళ్ళో పెళ్ళికొడుకు కూడా కట్టలేదు. ఆ ఎడ్ల మీద ఒక్క ఈగ వాలదేం? వానాకాలం బురదేది? మేం గంజి తాగుతుంటే వెనకాల వీణ వాయించినవాడు ఎవడూ లేడు. అయినా చూస్తుంటే, ఏం చెప్పను, కాస్త బాగానే ఉంది. జోగయ్య అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీసిస్తుంటే అప్పలనరసమ్మ ఏదో చెబుతూ ఉంటుంది. ఏమీ జరగదు. చూస్తుండగానే అరగంట అయిపోతుంది.

ఈ వారం కథ: మొగుడూ పెళ్ళాలు మాటా మాటా అనుకున్నారు. ఆవిడ మూట కట్టుకుని ఏరు దాటి పుట్టింటికి పోయింది. ఇదంతా నిన్ను చూసి రాశారేమోనని అనుమానం వేసింది నాకు.

ఇట్లు,
కొండలరావు

బీర్‌గావ్
23 జూన్ 2019

ఊర్మిళకి,

వానలు మొదలయ్యాయి. డాబా మీద ఆరేసిన బట్టలు తడిశాయి, వాటి మీద మన ఫ్యాక్టరీల నల్లపొడి పేరుకుంది, ఇప్పుడు నా బనీన్లన్నీ ఒకే రంగు. ఉమేష్ నాగపూర్ నుంచి ఫోన్ చేసి "మమ్మీ కబ్ ఆయేగీ పప్పా" అన్నాడు. "ఆ జాయేగీ" అన్నాను. నువ్వెప్పుడొస్తావో నాకు తెలిస్తే కదా? పెట్టేశాం.

గరువుపాలెం సంగతి చెబుతాను. జోగయ్య ఒక్కడే ఉంటున్నాడు. అంబలి కాచబోయి మాడబెట్టాడు. కుండ అడుగు గీకలేక పెరట్లో పారేశాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే పలకరించే దిక్కు లేదు. ఎడ్లతో మాట్లాడతాడు. "ఏటిరా, ఆవిడ మీక్కూడా చెప్పకుండా ఎల్లిపోయిందా" అంటాడు. అవి నెమరేసుకుంటూ ఉంటాయి. అంత బలమైనవాడు, బస్తాలు మోసేవాడు, సంత నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి "ఏమే" అని పిలిచాడు. పిలిచాక గుర్తొచ్చింది, ఇంట్లో ఎవరూ లేరని. గుమ్మంలోనే కూలబడిపోయాడు. నేను కంచం పక్కన పెట్టేశాను.

నీకొకటి చెప్పాలి. పోయిన ఆదివారం సెలవైనా ఫ్యాక్టరీకి పోయాను. గేటు దగ్గర సెక్యూరిటీ "ఆజ్ ఛుట్టీ హై దాదా" అన్నాడు. గొడుగు మర్చిపోయానని అబద్ధమాడి వెనక్కొచ్చాను. ఇంట్లో ఉంటే ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. నువ్వున్నప్పుడు నేనేమైనా పెద్ద మాట్లాడేవాణ్ణా అంటే అదీ లేదు. అయినా అప్పుడు ఇల్లు ఇలా ఉండేది కాదు.

ఫోను ఎత్తకపోతే మానె, ఉత్తరం అందిందని చెప్పు.

కొండలరావు

బీర్‌గావ్
7 జులై 2019

ఊర్మిళా,

ఈ వారం గరువుపాలెంలో పెద్ద సంగతే జరిగింది, కుదురుగా కూర్చుని చదువు.

జోగయ్య ఇక ఉండలేక అప్పలనరసమ్మని తీసుకురావడానికి బయల్దేరదామనుకున్నాడు. తీరా చూస్తే బండి చక్రం పట్టా వదులైపోయింది. మామూలుగా ఇలాంటివి సీరియల్లో సరిగ్గా చూపించరు గానీ, ఇది మాత్రం బ్రహ్మాండంగా చూపించారు. పట్టాని పిడకల మంటలో ఎర్రగా కాల్చాడు. కాలితే ఇనుము సాగుతుంది కదా, ఆ వేడి మీదే పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, సుత్తితో చుట్టూ సమంగా కొట్టి, గభాల్న నీళ్ళు పోశాడు. చల్లారేసరికి ఇనుము ముడుచుకుని కర్రని కరిచిపట్టేసింది. వెంట్రుక దూరే సందు లేదు. పని తెలిసినవాడు!

ఏటికి నీళ్ళొచ్చాయి. అయినా బండి దింపాడు. అవతలి ఒడ్డున వాళ్ళ పుట్టిల్లు. అప్పలనరసమ్మ వాకిట్లో మెంతులు ఎండబెడుతోంది. "పద" అన్నాడు. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఒక్క మాట మాట్లాడకుండా బండెక్కింది. బండి తిరిగి ఏటి గట్టు మీద వస్తోంది. ఒకటి రెండు రోజుల్లో ఇల్లు చేరిపోతారు.

నీకూ ఇలాంటి ముగింపే బాగుంటుంది కదూ?

కొండలరావు

బొబ్బిలి
14 జులై 2019

ఉమేష్ నాన్నగారికి,

మీ మూడు ఉత్తరాలూ అందాయి. వదినకి చూపించలేదు. చదివి వినిపించాను.

గరువుపాలెం జూన్ పద్నాలుగో తారీఖు శుక్రవారంతో అయిపోయిందండీ. వదిన వాళ్ళమ్మగారికి నా కంటే పిచ్చి ఆ సీరియలంటే. భక్తి చానల్ పొద్దున్న మాత్రమే. ఆఖరి రోజు అయిదు నిమిషాల్లో అందరినీ ఒకచోట నిలబెట్టి, నవ్వించి, శుభం అనేశారు. సోమవారం నుంచి ఆ టైముకి వంటల ప్రోగ్రాం వస్తోంది. మీరు దాన్నే చూస్తూ కూర్చున్నారో, గోడనే చూస్తూ కూర్చున్నారో నాకు తెలీదు.

రెండో ఉత్తరం వచ్చినప్పుడు మీకు మతి పోయిందేమోనని హడలిపోయాను. మూడోది వచ్చాక, ఆ పట్టా కాల్చడం, ఇనుము ముడుచుకోవడం చదివి పడీ పడీ నవ్వాం. గ్యాస్ కట్టరొక్కటే తక్కువ జోగయ్యకి. వదిన వంటింట్లోకి వెళ్ళాక ఒక్కదాన్నే గుమ్మంలో కూర్చుని ఏడ్చాను.

వైరు పీకినందుకు వచ్చేశాననుకుంటున్నారు మీరు. దానికి రెండు రోజులు మాట్లాడకపోతే సరిపోయేది. మర్నాడు పొద్దున్న మీరు డ్యూటీకి బూట్లు వేసుకుంటుంటే నేనొక మాటన్నాను. "ఏమండీ, మా అమ్మ కల్లోకొచ్చింది. కాళ్ళు నొప్పులంటోంది" అన్నాను. పోయి నాలుగేళ్ళైన అమ్మ. మీరు తలెత్తకుండా "క్యా?" అన్నారు. మళ్ళీ చెప్పాను. "అచ్ఛా" అని టిఫిను పట్టుకుని వెళ్ళిపోయారు. మీకు గుర్తుండదు. అందులో గుర్తుంచుకోవడానికి ఏముంది మీకు?

పెళ్ళయి వచ్చిన కొత్తలో మనిద్దరం తెలుగే మాట్లాడుకునేవాళ్ళం. ఉమేష్‌ని స్కూల్లో వేశాక, ఇంట్లో కూడా హిందీ మాట్లాడితే వాడికి చదువొస్తుందని టీచరమ్మ చెప్పింది. వాడి కోసం మొదలెట్టారు. వాడి చదువైంది, ఉద్యోగానికి నాగపూర్ వెళ్ళిపోయాడు. ఆ హిందీ మాత్రం మనింట్లోనే ఉండిపోయింది. చాయ్ లావ్, దర్వాజా బంద్ కరో, క్యా హువా. కూరగాయల బండి దగ్గర హిందీ, నీళ్ళ పంపు దగ్గర ఛత్తీస్‌గఢీ, వాళ్ళంతా మంచివాళ్ళే, ఎంతో ఆపేక్షగా ఉంటారు. కానీ మొగుడి దగ్గర కూడా పరాయి మాటేనా? వంట చేసుకుంటూ నాలో నేనే తెలుగు మాట్లాడుకునేదాన్ని. ఒకసారి ప్రేమ్‌చంద్ భార్య విని, జ్వరమొచ్చిందా దీదీ అని నుదురు పట్టుకుని చూసింది.

మీరు ఎడ్ల మీద ఈగలున్నాయా, పంచె తెల్లగా ఉందా అని చూశారు. నాకవన్నీ ఎందుకండీ? నేను పుట్టి పెరిగింది ఈ బొబ్బిలి రైల్వే క్వార్టర్లలో. పల్లెటూళ్ళో ఒక్క పూట కూడా ఉండలేదు. ఆ సీరియల్లో మొగుడు ఇంటికొచ్చి "ఏటే, అలాగున్నావు?" అని అడిగేవాడు. ఆవిడ చెప్పేది. చెప్పినంతసేపూ అతను వినేవాడు. నేను ఏడ్చింది దానికి. పగలు మొత్తం మీద ఆ అరగంటే మన మాట నా చెవిన పడేది, మీరు దాన్ని గావ్ కా నాటక్ అన్నారు.

ఈ నెలలో మీరు నాకు రాసినన్ని మాటలు ఇరవై ఏళ్ళలో నాతో అనలేదు. ఒత్తులన్నీ తప్పులే. అంబలి మాడబెట్టిన పేజీ తలగడ కింద పెట్టుకున్నాను. అయినా కోపం పూర్తిగా పోలేదు, ఉన్న మాట చెబుతున్నాను.

ఇంకోటి. అప్పలనరసమ్మని మీరలా బండెక్కించెయ్యడం నాకు బొత్తిగా నచ్చలేదు. జోగయ్య ఏరు దాటి వచ్చాడు, పద అన్నాడు, ఆవిడ ఎక్కేసింది. ఎందుకొచ్చేశావే అని ఒక్క మాటైనా అడిగాడా? అడగకుండా ఎలా ఎక్కుతుందండీ?

వచ్చే ఆదివారం రండి. అన్నయ్య స్టేషనుకి వస్తాడు. మీరు ఇంట్లోకొచ్చి, కాళ్ళు కడుక్కుని, ముందు నన్ను ఆ మాట అడగండి. ఇదంతా నేను రాయనట్టే, మీకేమీ తెలియనట్టే అడగండి. నాకు చెప్పుకోవాలనుంది.

ఊర్మిళ