సేఠ్ మళ్లీ కాగితపు సంచులు అడిగాడు

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ఇది నీకు చేరదని తెలుసు. అయినా చెప్పాలనిపించింది.

మన బొంబాయి ఫోరస్ రోడ్ మీద కిరాణా దుకాణం సేఠ్, నువ్వు చేసే కాగితపు సంచులు మాని ప్లాస్టిక్‌వి తెచ్చుకున్నాడు కదా. మొన్నటి వానకు ఆ ప్లాస్టిక్ సంచులే మన గల్లీ మోరీకి అడ్డంపడ్డాయి. మురికినీళ్లు మనం అద్దెకుండే చాల్‌లో కింది గదుల్లోకి వచ్చేశాయి. మన బియ్యమంతా పాడైంది. ఆడవాళ్లమే చీరలు పైకి దోపుకుని, చేతులతో మోరీలో చెత్త తీశాం. పక్కగది బాలమ్మ ఆ చెత్తంతా తీసుకెళ్లి దుకాణం ముందు కుప్పపోసింది.

"ఇగ నీ ప్లాస్టిక్ థైలీలల్ల సామాను తీస్కపోం సేఠ్. కాయితంల కట్టిస్తెనే వస్తం," అంది.

ఆ తర్వాత మన చాల్ వాళ్లెవరూ ఆ దుకాణం మెట్లెక్కలేదు. ఈ పొద్దున సేఠే మన గుమ్మం దగ్గరికొచ్చాడు.

"మీ అక్కను పిలువు. కాయితం థైలీలు కావాలె," అన్నాడు.

"అక్క లేదు సేఠ్. పోయిన వానలప్పుడే పోయింది."

అతను టోపీ తీశాడు.

"నీకొస్తదా?" అని మెల్లగా అడిగాడు.

పని ఆగిపోయాక నువ్వు గడపలో ఊరికే కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదక్కా. వస్తుందన్నాను.

మైదా జిగురు కాచి, పాత పేపర్లు ముందేసుకున్నాను. సాయంత్రానికి నడుం పట్టేసింది. సంచులు తీసుకెళ్లి ఇస్తే, సేఠ్ ఒకదాంట్లో బాలమ్మకు కందిపప్పు పోశాడు. సంచి అడుగు ఊడలేదు. ఆమె గల్లీ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

నీ చెల్లెలు