సర్వర్ వెనక రెండో తీగ

నాయనా దయాకర్,

అమ్మ దీవెనలు. చిల్కానగర్‌లో మేమంతా బాగానే ఉన్నాం, నువ్వూ ఆ కొండల్లో క్షేమమనే తలుస్తున్నాను. సొరంగంలో పని అంటేనే నాకు నిద్ర పట్టదు. తలకు టోపీ పెట్టుకుంటున్నావా? నా మోకాళ్ల సంగతి అడిగావు. తగ్గలేదు, పెరగలేదు.

కోడలు నీలవేణిని పని మాన్పించమని రాశావు. మాటలు పడుతూ ఎందుకు, ఇంట్లో కూర్చోమన్నావు. నిజమే, నాచారంలో ఆమె కంపెనీలో సర్వర్ అనే పెద్ద కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోయేది. అది ఆగితే మందుల డబ్బాల పనంతా నిలబడిపోతుంది. చూసుకునేది నీలవేణి కాబట్టి తప్పంతా ఆమెదే అన్నారు. శుక్రవారం సాయంత్రంలోగా బాగుచేయకపోతే మళ్లీ రావద్దన్నాడు ఓనరు పరంధామయ్య.

ఆ శుక్రవారం పొద్దున ఏమీ తినకుండా పోయింది. కళ్లు తిరిగి పడుతుందేమోనని టిఫిన్ పట్టుకుని షేర్ ఆటోలో నేనూ పోయాను. చూస్తే సర్వర్ వెనక నేల మీద కూర్చుని ఉంది.

"జర ఆగు అత్తమ్మా. దీనికి రెండు దిక్కుల కరెంటు రావాలె. ఒకటి పోతె ఇంకోటి నడిపిస్తది. గీ దిక్కు లైటు బుగ్గ ఎలుగుతలేదు" అంది.

తీగను తడుముకుంటూ గోడదాకా పాకింది. ప్లగ్గు కింద పడి ఉంది! దాని జాగాలో అమ్మవారి పటానికి కట్టిన రంగు బుగ్గల దండ ప్లగ్గు. దసరాకు ఆయుధ పూజనాడు పెట్టారట. అప్పటినుంచి ఆ మిషను ఒక్క తీగ మీదే నడుస్తోంది. ఆ తీగకున్న కరెంటు డబ్బా వేడెక్కి, మధ్యమధ్యలో ఆగిపోతోంది.

"సార్, గీ దండ తీసి వేరే కాడ పెడ్త."

"నా చేత్తోని పెట్టిన. అమ్మవారి దీపం ఆర్పుతవా? కంపెనీకి ఏమన్నయితే జిమ్మెదారి నీదా?" అన్నాడు అప్పుడే లోపలికొచ్చిన పరంధామయ్య. పనివాళ్లంతా చుట్టూ చేరారు.

ఇంతవరకు నీకు చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను. ఆ దండ పీకింది నీలవేణి కాదు, నేను. పిల్లి ఎదురొస్తే ఇంట్లోకి తిరిగొచ్చే నేనే.

"ఏయ్ ముసలమ్మా!" అని అరిచాడు.

"గా తల్లికి చీకట్ల గూడ కండ్లు కనబడ్తయి సారూ. నా కోడలికి నౌకరి గావాలె" అన్నాను. చేతిలో ప్లగ్గు మాత్రం వదల్లేదు.

నీలవేణి తన తీగ పెట్టింది. పచ్చ బుగ్గ వెలిగింది. అప్పుడు అందరూ చూస్తుండగా ఆ వేడెక్కే డబ్బాను బయటికి లాగింది. మిషను ఆగలేదు.

"అత్తాకోడండ్లు కూడబలుక్కొని వచ్చిన్రా నా మీదికి?" అని గొణిగి, కొత్త డబ్బా తెప్పించమన్నాడు.

సోమవారం నీలవేణి ఎప్పటిలాగే పనికి పోయింది. మానుకోమన్న నీ మాట ఆమెకు చెప్పలేదు, చెప్పను. దీపం ఆర్పినందుకు అమ్మవారికి కోపమొస్తే నా మీదికే రానీ. కోడలి మీదికి మాత్రం ఎవరినీ రానివ్వను. నిన్ను కూడా.

ఇట్లు,
ఇంకా భయపడుతూనే ఉన్న నీ తల్లి
రుక్కమ్మ